గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటే: రైజన్ 2600 తీసి 5600 పెట్టే పద్ధతి

ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజన్ 5 2600, బి450 మదర్‌బోర్డు, తర్వాత ఎప్పుడో కొని పెట్టిన ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. కార్డు మార్చాక గేములు పరుగెత్తాలి కదా, పరుగెత్తవు. కౌంటర్-స్ట్రైక్ 2లో నలుగురు ఒకచోట చేరి పొగ బాంబు పడిందంటే ఫ్రేములు అమాంతం కిందికి జారిపోతాయి. జీటీఏ 5లో ఊరి మధ్య కారు నడుపుతుంటే చెయ్యి పట్టుకుని లాగినట్టు కుదుపులు. ఆ సమయంలో కార్డు ఎంత పని చేస్తోందని చూస్తే 55, 60 శాతం దగ్గర ఉంటుంది. బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా ఈ జతతో ఇబ్బంది పడేవాళ్లు చాలామంది ఉన్నారు. మన వైపు పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఈ పని చూపించే వీడియోలేమో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అందుకే మొదటి నుంచి చివరి దాకా తెలుగులో ఒకచోట పెడుతున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి వైపు నుంచి రాస్తున్నా కాబట్టి జనం నోట్లో ఉన్న మాటే వాడతాను. కూలర్‌ని కూలర్ అనే అంటాను.

తప్పు నిజంగా ప్రాసెసర్‌దేనా

డబ్బు తియ్యకముందు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. తెర మీద ఒక్క ఫ్రేము రావాలంటే ముందు ప్రాసెసర్ పని చెయ్యాలి. ఎవరు ఎక్కడున్నారు, బుల్లెట్ ఎటు పోయింది, తలుపు తెరుచుకుందా లేదా అని లెక్క కట్టి, ఏ బొమ్మ గియ్యాలో కార్డుకి చెప్పాలి. ఆ తర్వాతే కార్డు గీస్తుంది. ప్రాసెసర్ ఒక ఫ్రేముకి 11 మిల్లీసెకన్లు తీసుకుంటూ, కార్డు 7 మిల్లీసెకన్లలో గీసెయ్యగలదనుకోండి. మీకు వచ్చేది సెకనుకి 90 ఫ్రేములే. మిగిలిన 4 మిల్లీసెకన్లు కార్డు చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఇంకా పెద్ద కార్డు కొంటే ఆ 7 కాస్తా 5 అవుతుంది గానీ మీ 90 మాత్రం 90గానే ఉంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ నిండాలంటే ఒక్కో ఫ్రేము 6.9 మిల్లీసెకన్లలో తయారవ్వాలి.

చూసుకోవడం కష్టమేమీ కాదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాము, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకోండి. ఏ కంపెనీ కార్డుకైనా పని చేస్తుంది. తెర మీద ఇవి కనిపించేలా పెట్టండి: కార్డు వాడకం శాతం, ఫ్రేమ్‌రేట్, ఫ్రేమ్‌టైమ్ గీత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, క్లాక్ (ప్రాసెసర్ వేగం), ఒక్కో థ్రెడ్ (ప్రాసెసర్‌లో పని సాగే ఒక్కో వరస) వాడకం విడివిడిగా, ర్యామ్, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ). వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసేది), ఫ్రేమ్ లిమిట్ రెండూ తీసెయ్యండి. అవి ఉంటే కార్డు కావాలనే ఆగుతుంది, లెక్కంతా తప్పుతుంది. ఇప్పుడు మీరు ఎప్పుడూ ఇబ్బంది పడే చోటికే వెళ్లి ఐదు నిమిషాలు ఆడండి. ఆ తర్వాత రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి, అదే చోట మళ్లీ ఐదు నిమిషాలు ఆడండి.

రిజల్యూషన్ దించినా ఫ్రేములు పెరగలేదంటే అడ్డు ప్రాసెసర్ వైపు ఉంది. బాగా పెరిగాయంటే అడ్డు కార్డే, ఈ పోస్టుతో మీకు పని లేదు. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయి, ఫ్రేములు 60కి తగ్గకుండా నిలకడగా ఉన్నా అంతే, డబ్బు దాచుకోండి.

ఇక్కడ ఎక్కువమంది పొరపడేది మొత్తం ప్రాసెసర్ వాడకం చూసి. టాస్క్ మేనేజర్‌లో 45 శాతమే ఉంది కాబట్టి ప్రాసెసర్‌కి ఇంకా ఊపిరి ఉందనుకుంటారు. 2600లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. గేము ముఖ్యమైన పనంతా ఒకటి రెండు థ్రెడ్ల మీద వేస్తుంది. ఆ ఒక్కటి 95, 100 దగ్గర గిలగిలలాడుతుంటే మిగతా పది ఖాళీగా ఉన్నా లాభం లేదు. అందుకే థ్రెడ్లు విడివిడిగా చూడమన్నది. విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ఏ థ్రెడ్డూ పూర్తిగా 100 చూపించదు. అప్పుడు కార్డు వాడకాన్నే నమ్మండి. లిమిట్ లేకుండా ఆడుతున్నప్పుడు అది 95కి పైన ఉంటే ప్రాసెసర్ తన వంతు పని చేస్తున్నట్టే.

ఇంకో నాలుగు దొంగలు ఉన్నాయి, ప్రాసెసర్ వేషం వేసుకుని వస్తాయి. మొదటిది ఒంటి ర్యామ్. ఒకే 16 జీబీ స్టిక్కు ఉంటే దారి ఒకటే తెరుచుకుంటుంది, రైజన్‌కి అది పెద్ద దెబ్బ. రెండు 8 జీబీలు ఉండాలి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులోనూ నాలుగో స్లాటులోనూ ఉండాలి. రెండోది ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపించే బోర్డు సెట్టింగు, ఆన్ చెయ్యకపోవడం. 3200 ర్యామ్ కొని 2133 లేదా 2400 మీద నడిపిస్తున్నవాళ్లు తక్కువేమీ కాదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో స్పీడ్ అని రాసి ఉంటుంది, ఇప్పుడే చూడండి. మూడోది వేడి. 2600 మూల క్లాక్ 3.4 గిగాహెర్ట్జ్, బూస్ట్ 3.9. ఆట మధ్యలో 3.4 కన్నా కిందికి దిగుతోందంటే కూలర్ దుమ్ముతో మూసుకుపోయింది, లేదా చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు సున్నంలా ఎండిపోయింది. నాలుగోది వీర్యామ్ నిండిపోవడం. ఈ నాలుగూ సరిచేశాక మళ్లీ కొలవండి. కొందరికి అక్కడితోనే పని అయిపోతుంది, అదీ మంచిదే.

ఇవన్నీ బాగున్నా కార్డు 60 శాతం దాటలేదంటే, అప్పుడు 2600 వంతు.

అదే బోర్డులో ఏది పెట్టాలి

2600 ఎందుకు వెనకబడుతుందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు. దాని ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు. ఒక్కో గుంపుకి 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ). పెళ్లి భోజనాలకి వీధికి అటొకటి ఇటొకటి రెండు పాకల్లో వంట పెట్టినట్టన్నమాట. ఈ పాకలో ఉప్పు అయిపోతే వీధి దాటి అవతలి పాకకి పరుగెత్తాలి. గేములో ఆ పరుగు ఫ్రేము ఫ్రేముకీ జరుగుతుంది. 2020 నవంబరులో వచ్చిన రైజన్ 5000 తరంలో ఈ గోడ తీసేశారు. 5600లో ఆరు కోర్లకీ కలిపి ఒకే 32 ఎంబీ. దానికి తోడు ఒక్కో క్లాక్‌కి చేసే పని పెరిగింది, బూస్ట్ 4.4 అయింది. కోర్ల సంఖ్య మారకుండానే గేములు అంత తేడాగా నడవడానికి కారణం ఇదే.

పేర్ల దగ్గర జాగ్రత్త. 5500, 5600జీ, చివర ఎక్స్ లేని 5700, ఈ మూడింటిలో ఎల్3 16 ఎంబీ మాత్రమే. పైగా కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి, పీసీఐఈ, 3.0 దగ్గరే ఆగిపోతుంది. షాపులో "అన్నీ ఐదు వేల సిరీసే" అని ఒకే గాటన కట్టి చూపిస్తారు. గేముల కోసమైతే 5600, కాస్త మిగిలితే 5700ఎక్స్. ఇందులో ఎనిమిది కోర్లు, అదే 32 ఎంబీ, కానీ బాక్సులో కూలర్ రాదు. 3డీ అని ఉండే 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీల్లో 96 ఎంబీ క్యాష్. గేములకి ఈ బోర్డు మీద అంతకు మించింది లేదు గానీ కొత్తది దొరకడం ఇప్పుడు కష్టం. 3060 స్థాయి కార్డుకి అది అవసరం కూడా లేదని నా అభిప్రాయం. ఆ తేడా డబ్బు మంచి పవర్ సప్లయ్‌కి పెట్టుకుంటే ఎక్కువ కలిసొస్తుంది.

5600కి మారితే వాట్లు కూడా పెరగవు. 2600కీ 5600కీ రాసి ఉండేది 65 వాట్లే. ఎక్స్3డీ రెండూ 105 వాట్ల రకం, ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింక్ లేని చిన్న ఏ320 బోర్డు మీద వాటిని పెట్టొద్దు. ఒక్క మాట: బి450 బోర్డులో 5600 పెట్టినా స్లాటు పీసీఐఈ 3.0గానే ఉంటుంది. 3060కి ఇది పెద్ద అడ్డు కాదు. కార్డు నాలుగే లేన్లున్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే అక్కడ దెబ్బ తెలుస్తుంది.

ఇంటెల్ వాళ్లకి ఈ సుఖం తక్కువ. ఎల్‌జీఏ 1151 సాకెట్టు చూడ్డానికి ఒకటే, కానీ ఆరు ఏడు తరాల బోర్డులో ఎనిమిది తొమ్మిది తరాల చిప్పు నడవదు. 12వ తరం బోర్డు ఉన్నవాళ్లు 13, 14 తరాల ఐ7, ఐ9 సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు ఆగండి. వోల్టేజీ ఎక్కువై ఆ చిప్పులు పాడవుతున్న సంగతి బయటపడి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఆ సవరణ బాగు చెయ్యదు.

కొనడం విశాఖలోనో బరంపురంలోనో అయితే చిప్పు ముందే చూడొచ్చు. బాక్సు సీలు, కిటికీలోంచి కనిపించే చిప్పు మీది అక్షరాలు, స్టిక్కరు మీది సీరియల్ నంబరు సరిపోవాలి. బాక్సు చిప్పుకి ఏఎండీ వారంటీ మూడేళ్లు. ట్రేలో విడిగా వచ్చే చిప్పుకి అది ఉండదు, అమ్మినవాళ్లు ఇచ్చిందే వారంటీ. సెకండ్‌హ్యాండ్ అయితే సెల్‌ఫోన్ టార్చి వెలుతురులో పిన్నుల వరసలు నాలుగు వైపుల నుంచీ చూడండి. మొత్తం 1331 పిన్నులు, గోరింటాకు పుల్లకన్నా సన్నం. వరస ఏ వైపు నుంచి చూసినా తిన్నగా కనిపించాలి. ఒకచోట వెలుగు అడ్డంగా విరిగిందంటే అక్కడ పిన్ను వంగింది.

బయోస్: తొందర పనికిరాని చోటు

బి450 బోర్డు తయారైనప్పుడు 5600 పుట్టనే లేదు. అందుకని బోర్డుకి ముందు ఆ చిప్పుని పరిచయం చెయ్యాలి, అంటే బోర్డులోనే ఉండి అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాము, బయోస్, కొత్తది ఎక్కించాలి. ఈ పని పాత ప్రాసెసర్ లోపల ఉండగానే చెయ్యాలి. 2600 తీసేసి, 5600 పెట్టి, తెర నల్లగా ఉందని గాభరా పడి, మళ్లీ విప్పేవాళ్లందరూ ఈ మెట్టు దాటేసినవాళ్లే.

విండోస్‌లో ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే బోర్డు పేరు, బయోస్ వెర్షను, తేదీ కనిపిస్తాయి. బోర్డు మూల మీద రివిజన్ నంబరు కూడా అచ్చయి ఉంటుంది. కొన్ని కంపెనీల్లో రివిజన్ మారితే ఫైలు కూడా మారుతుంది, దాన్నీ రాసుకోండి. ఆ బోర్డు తయారీ కంపెనీ సైటులో సీపీయూ సపోర్ట్ పట్టిక ఉంటుంది. అందులో 5600 ఎదురుగా ఏ వెర్షను నుంచి అని ఉంటుంది. ఆ వెర్షను, లేదా అంతకన్నా కొత్తది, బీటా కానిది తీసుకోండి. ఫైలు పక్కన రాసిన నోటు మొత్తం చదవండి. కొన్ని బోర్డులకి ముందు మధ్య వెర్షను ఒకటి ఎక్కించి, ఆ తర్వాతే కొత్తది ఎక్కించాలి. కొన్నింటికి ఒకసారి ఎక్కిస్తే వెనక్కి రావడం కుదరదు. బి350, ఏ320 బోర్డులకి కూడా 2022లో ఏఎండీ దారి తెరిచింది గానీ ప్రతి బోర్డుకీ ఫైలు రాలేదు, పట్టికే సాక్ష్యం.

చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పిన ఫైలు అందులో వెయ్యండి. బయోస్‌లోకి వెళ్లి ముందు అన్నీ డిఫాల్ట్ చెయ్యండి, ఓవర్‌క్లాక్ ఏమైనా ఉంటే పోతుంది. తర్వాత బయోస్ లోపలే ఉండే ఫ్లాష్ మెనూలోంచి ఎక్కించండి. విండోస్ లోంచి ఎక్కించే ప్రోగ్రాములు ఉన్నా, అవి మధ్యలో ఆగిపోతే బోర్డు చచ్చిపోయినట్టే.

ఇక కరెంటు. మన వైపు ఈ పనికి అసలు శత్రువు ఇదే. వేసవిలో మధ్యాహ్నం దాటాక గాలివాన లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అక్టోబరులో తుపాను హెచ్చరిక ఉన్నప్పుడూ అంతే. 2018లో తిత్లీ గజపతి జిల్లాని ఎలా పిండేసిందో ఈ వైపు ఎవరూ మరిచిపోలేదు. బయోస్ ఎక్కే మూడు నాలుగు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డులోని చిప్పులో సగం రాత మిగులుతుంది. పొద్దున్నే, ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని, యూపీఎస్ మీద చెయ్యండి. 600 వీఏ యూపీఎస్ చాలు. గేము ఆడేటప్పుడు అది చేతులెత్తెయ్యొచ్చు గానీ, బయోస్ తెర మీద సిస్టమ్ లాగేది వంద వాట్లకి లోపే. అంతకుముందు రోజు ఒకసారి బయోస్ తెర మీద ఉండగా గోడ స్విచ్చి ఆపి చూడండి. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే అక్కడే తేలిపోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక మాట. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని మీట ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాన్లకీ లైట్లకీ తేడా తెలియదు గానీ కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. పవర్ సప్లయ్ తనలో దాచుకున్న కరెంటుతో ఊపిరి బిగపట్టగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. మీట యూపీఎస్ వైపు తిప్పి, స్విచ్చి పరీక్ష మళ్లీ చెయ్యండి.

మీ బోర్డులో వెనకాల ఫ్లాష్ బటన్ ఉంటే అదృష్టమే. ప్రాసెసర్ లేకుండా కూడా, పవర్ సప్లయ్, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు, బయోస్ ఎక్కుతుంది. ఫైలు పేరు మాత్రం కంపెనీ చెప్పినట్టే మార్చాలి. ఎంఎస్ఐకి ఒక పేరు, గిగాబైట్‌కి ఒక పేరు. ఒక అక్షరం తేడా వచ్చినా బటన్ లైటు కాసేపు మెరిసి ఊరుకుంటుంది.

ఎక్కాక 2600తోనే విండోస్‌లోకి ఒకసారి వెళ్లి, వెర్షను మారిందో లేదో చూడండి. అదే కూర్చున్న చోట ఇంకో రెండు పనులు. డ్రైవుకి బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే తాళం ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని (కీ మాత్రం బయోస్ ఎక్కించకముందే రాసుకోవాలి), సస్పెండ్ చెయ్యండి. ఆ తాళంచెవులు దాచే టీపీఎం చాలా బోర్డుల్లో విడి చిప్పు కాదు, ప్రాసెసర్ దగ్గరే ఉంటుంది. ప్రాసెసర్ మారితే అందులోని తాళంచెవులు పోతాయి. అలాగే విండోస్ లాగిన్ పిన్ పనిచెయ్యకపోవచ్చు, మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డు గుర్తుండాలి. విండోస్ లైసెన్సు సంగతి బెంగ వద్దు, అది బోర్డుతో ముడిపడి ఉంటుంది.

పాతది తియ్యడం

కావాల్సినవి: రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, పేస్టు చిన్న ట్యూబు, పీచు రాలని గుడ్డ, ఐపీఏ. ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేరు షాపుల్లో అదే పేరుతో అడిగితే దొరుకుతుంది. చేతుల శానిటైజర్ వాడొద్దు, అందులో జిగట పదార్థాలు ఉంటాయి. పెట్రోలు, పెయింటు థిన్నరు అసలే వద్దు.

ఆఖరిసారి ఒక పది నిమిషాలు గేము ఆడించండి. ఇది సరదాకి చెప్పడం లేదు, పేస్టు వెచ్చబడి మెత్తబడాలి. వెంటనే షట్‌డౌన్ చేసి, పవర్ సప్లయ్ వెనక మీట ఆపి, వైరు గోడ నుంచి పూర్తిగా పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేకపోతే కేబినెట్ ముట్టుకున్నప్పుడు వేలికి జిల్లుమంటుంది, పవర్ సప్లయ్ ఫిల్టర్ లోంచి వచ్చే లీకేజీ అది. ఆ ఇంట్లో వైరు పీకకుండా లోపల చెయ్యి పెట్టడం చిప్పుకీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

కేబినెట్‌ని పడుకోబెట్టండి, బోర్డు నేలకి సమాంతరంగా ఉండాలి. ఫ్యాను వైరు తీసెయ్యండి. ఏఎండీ ఇచ్చే స్టెల్త్ కూలర్‌కి నాలుగు స్ప్రింగు స్క్రూలు. ఎదురెదురు మూలలవి రెండేసి చుట్లు వదులు చేస్తూ రండి. చివరి స్క్రూ వదిలేముందు బోర్డు వెనక చెయ్యి పెట్టండి, అక్కడి ఇనుప ప్లేటు ఊడి కింద పడుతుంది.

ఇప్పుడు అందరూ చేసే తప్పు దగ్గరికి వచ్చాం. కూలర్‌ని తిన్నగా పైకి లాగొద్దు. పాత పేస్టు జిగురులా పట్టి ఉంటుంది. ఈ బోర్డుల్లో ఉండే ఏఎం4 సాకెట్టు చిప్పు పిన్నుల్ని పక్కల నుంచి పట్టుకుంటుంది గానీ పైన మూత లేదు. లాగితే కూలర్‌తోపాటు చిప్పు కూడా, సాకెట్టు లీవరు వేసి ఉండగానే, పిన్నులు ఒరుసుకుంటూ ఊడి వస్తుంది. ఆ క్షణంలో ఒక పక్కకి వంగిందా, ఒక వరస పిన్నులు మడత పడతాయి. అందుకని కూలర్‌ని రెండు చేతులతో పట్టుకుని, సీసా మూత తిప్పినట్టు అటు పది డిగ్రీలు, ఇటు పది డిగ్రీలు మెల్లగా తిప్పండి. మొదట రాయిలా ఉంటుంది. నాలుగైదు సార్లు తిప్పాక చిన్నగా జారిన స్పర్శ చేతికి తెలుస్తుంది, నెయ్యి మీద గిన్నె జారినట్టు. అప్పుడు ఒక అంచు నుంచి ఎత్తండి.

అయినా చిప్పు కూలర్‌కే అంటుకుని వచ్చేస్తే స్క్రూడ్రైవర్ పెట్టి మీటొద్దు. పిన్నుల వైపు తాకకుండా కూలర్‌ని బోర్లించి, హెయిర్ డ్రయ్యరుతో రెండు నిమిషాలు వెచ్చ చేసి, చిప్పుని అంచులు పట్టుకుని పక్కకి తిప్పండి. పిన్ను వంగితే లోపలి పుల్ల తీసేసిన 0.5 మెకానికల్ పెన్సిల్ మొన ఆ పిన్ను మీద తొడిగి, కొంచెం కొంచెంగా నిలబెట్టండి. ఒకేసారి నిలబెట్టాలని చూస్తే విరుగుతుంది.

కొత్తది పెట్టడం

లీవరు నిటారుగా ఎత్తి, 2600ని అంచులు పట్టుకుని తీసి, కొత్త చిప్పు వచ్చిన ప్లాస్టిక్ డబ్బీలో పెట్టండి. 5600 పైన ఉన్న సీరియల్ నంబరుని ఫోటో తీసుకోండి. ఇంకాసేపట్లో దాని మీద పేస్టు పడుతుంది, రేపు వారంటీకి వెళ్తే ఆ నంబరే అడుగుతారు.

చిప్పు ఒక మూల బంగారు రంగు త్రికోణం, సాకెట్టు మీద ఒక మూల అలాంటిదే. రెండూ కలపండి. చిప్పుని వదిలితే దాని బరువుకే అది దిగిపోవాలి. దిగకపోతే ఎక్కడో పిన్ను అడ్డం ఉంది, తీసి చూడండి, నొక్కొద్దు. దిగాక వేలితో ఊరికే తాకి ఉంచి లీవరు వెయ్యండి. లీవరుకి కొద్దిగా బలం కావాలి, చిప్పుకి అక్కర్లేదు.

కొత్త స్టెల్త్ కూలర్ అడుగున పేస్టు ముందే అద్ది ఉంటుంది, దాని మీద ఇంకోటి వెయ్యొద్దు. పాత కూలరే వాడితే పూర్తిగా తుడిచి, చిప్పు మధ్యలో బఠాణీ గింజంత పేస్టు చాలు. స్క్రూలు మళ్లీ ఎదురెదురుగా, రెండేసి చుట్లు. ఒక పక్క పూర్తిగా బిగించేసి ఇంకో పక్కకి వెళ్తే కూలర్ ఒంటి పక్కకి వాలి, పేస్టంతా అవతలికి పోతుంది. ఫ్యాను వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టాలి.

రోహిణి కార్తెలో ఏసీ లేని గది 36, 38 డిగ్రీలు ఉంటుంది. ఆ గదిలో స్టెల్త్ కూలర్‌తో 5600 గేములో 75, 80 చూపిస్తే కంగారు పడొద్దు. 90ని అంటుకుంటుంటే పేస్టు గానీ స్క్రూలు గానీ సరిగా కుదరలేదు. శబ్దం భరించలేకపోతే 120 ఎంఎం ఫ్యానున్న టవర్ కూలర్ మంచిది. కొనేముందు కేబినెట్ ఎంత ఎత్తు కూలర్ పట్టుతుందో దాని వివరాల్లో చూడండి, చాలా టవర్లు 150 మిల్లీమీటర్ల పైనే ఉంటాయి.

మొదటి స్టార్టు

తెర నల్లగా నిమిషం దాకా ఉండొచ్చు, ర్యామ్‌ని బోర్డు కొత్తగా పరిచయం చేసుకుంటోంది. రీస్టార్ట్ బటన్ నొక్కకండి. తర్వాత ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ దగ్గరుండే ఆ టీపీఎం) మారింది, రీసెట్ చెయ్యాలా అని వై, ఎన్ అడుగుతుంది. రికవరీ కీ రాసుకున్నారు కాబట్టి ధైర్యంగా వై నొక్కండి.

బయోస్‌లో ప్రాసెసర్ పేరు, ర్యామ్ మొత్తం సరిగా ఉన్నాయా చూడండి. 16 జీబీ ఉండాల్సింది 8 చూపిస్తే ముందు ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. అయినా అంతే అయితే పిన్ను ఒకటి వంగి ఒక మెమరీ దారి మూసుకుపోయింది. ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చెయ్యాలి, బయోస్ ఎక్కించినప్పుడే అది పోయింది. అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ కూడా ఆన్ చెయ్యండి, కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చూడగలుగుతుంది. దానికి సీఎస్ఎం, అంటే పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగు, ఆపాలి. ఆపేముందు మాత్రం ఆగండి. విండోస్ డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే సీఎస్ఎం ఆపగానే విండోస్ కనిపించదు, ముందు దాన్ని జీపీటీకి మార్చుకోవాలి. విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్లు సెక్యూర్ బూట్ కూడా తిరిగి ఆన్ చెయ్యాలి, లేకపోతే గేము తెరుచుకోదు.

అసలు స్టార్టే కాకపోతే బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే చిన్న లైట్లు చూడండి. సీపీయూ దగ్గర ఆగితే బయోస్ వెర్షను తప్పు, లేదా పిన్ను. డీర్యామ్ దగ్గర ఆగితే ఒకే స్టిక్కు రెండో స్లాటులో పెట్టి, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి. నూటికి నూరు కాకపోయినా చాలావరకు అక్కడే తెరుచుకుంటుంది.

విండోస్‌లోకి వెళ్లాక ఏఎండీ సైటు నుంచి చిప్‌సెట్ డ్రైవరు వేసి, ముందు ఆడిన చోటే, అవే సెట్టింగులతో ఐదు నిమిషాలు ఆడండి. సగటు ఫ్రేములకన్నా "1% లో" (1% low) అనే అంకె చూడండి, అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క అది, చేతికి తెలిసే తేడా అక్కడ ఉంటుంది. జీటీఏలో ఆ కుదుపులు తగ్గేది ఆ అంకె పెరిగినప్పుడే.

ఇప్పుడు కార్డు 95 శాతం మీద పని చేస్తుంది. ఇన్నాళ్లూ 60 శాతం మీద కునుకు తీసిన 3060 ఇప్పుడు తన 170 వాట్లూ లాగుతుంది. కేబినెట్‌తోపాటు ఊరికే వచ్చిన పేరులేని పవర్ సప్లయ్ ఉన్నవాళ్లకి, ప్రాసెసర్ మార్చిన వారానికి గేము మధ్యలో సిస్టమ్ టక్కున ఆగిపోతే, కొత్త చిప్పుని అనుమానించొద్దు. 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ పవర్ సప్లయ్ ఒకటి ఎవరినైనా అడిగి తెచ్చి పెట్టి చూడండి. డబ్బీలో ఉన్న 2600ని కూడా అప్పటిదాకా అమ్మకండి. తప్పు చిప్పుదో, పవర్ సప్లయ్‌దో, బోర్డుదో తేల్చడానికి ఇంట్లో ఉన్న పరీక్ష సాధనం అదొక్కటే. అదీ కాక చాలా బోర్డుల్లో కొత్త బయోస్ దాన్ని కూడా నడుపుతుంది.